“గాలి నిరోధాన్ని ఉపేక్షిస్తే...” – దూరం కొలిచి లెక్క చెప్పే లేజర్ పరికరం



ఇంటర్ మొదటి సంవత్సరం ఫిజిక్సులో మనం తప్పకుండా చదివే ప్రశ్న ఒకటుంది. “ప్రక్షేపక పథం పరావలయం అని చూపండి.” స్టడీ అవర్లో ఈ జవాబును మేము ఎన్నిసార్లు రాశామో లెక్కలేదు. అందులో “గాలి నిరోధాన్ని ఉపేక్షిస్తే” అని ఒక మాట వస్తుంది. ఆ మాటను మేము ఏనాడూ పట్టించుకోలేదు. మార్కులు సమీకరణానికి వేస్తారు గానీ ఆ మాటకు వేయరు కదా!

పీజీలో చేరాక మొదటి వైవాలో ఒక సారు “విసిరిన వస్తువు పథం ఏమిటి?” అని అడిగారు. “పరావలయం” అని టక్కున చెప్పాం. “ఎప్పుడు?” అన్నారు. మా నోరు పెగల్లేదు. పదిసార్లు రాసిన మాటే, సమయానికి గుర్తు రాలేదు. గుర్తొచ్చినా దాని అర్థం మాకు తెలియదని ఆ రోజే తెలిసింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకు, మన హాస్టల్లోనే చదివి సైన్యంలో చేరిన ఒక అన్న సెలవు మీద వచ్చాడు. మాటల్లో ఒక పరికరం గురించి చెప్పాడు. “కంటికి పెట్టుకుని బటన్ నొక్కితే దూరం ఎంతో చూపిస్తుంది. ఎంత ఎత్తుకు గురిపెట్టాలో కూడా అదే లెక్కగట్టి చెబుతుంది” అన్నాడు. ఇంత చిన్న డబ్బాకు ఆ లెక్క ఎలా వస్తుందని పుస్తకాలు తిరగేశాం. చివరికి అర్థమైంది ఏమిటంటే, మనం ఉపేక్షించిన ఆ గాలినే లెక్కలోకి తీసుకునే యంత్రం అది. అది తెలుసుకున్న క్రమంలోనే ఇక్కడ వివరిస్తున్నాం.

ఎవరు వాడతారు?

దీన్ని లేజర్ రేంజ్‌ఫైండర్ అంటారు. రేంజ్ అంటే దూరం. దూరాన్ని మాత్రమే చూపేవి ఒక రకం. దూరంతో పాటు తూటా ఎంత కిందికి జారుతుందో లెక్కించి గురిని సరిచేయమని చెప్పేవి రెండో రకం. మన వ్యాసం ఈ రెండో రకం గురించి.

అమెరికాలో, ఐరోపా దేశాల్లో అనుమతితో వేటాడేవారు, వందల మీటర్ల దూరంలోని ఇనుప పలకలను కొట్టే పోటీల్లో పాల్గొనేవారు వీటిని వాడతారు. సైన్యాల్లోనూ వాడతారు. 2022 జనవరిలో అమెరికా సైన్యం ఎక్స్‌ఎం157 అనే గురి అద్దం కోసం పదేళ్ళ కాంట్రాక్టు ఇచ్చింది. దాని ప్రకారం 2,50,000 దాకా కొనుక్కోవచ్చు. దూరం చూసే అద్దం, లేజర్, లెక్కల యంత్రం, వాతావరణాన్ని కొలిచే సెన్సర్లు అన్నీ అందులో కలిసే ఉంటాయి.

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. తుపాకీ ఉంచుకోవాలంటే 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్సు ఉండాలి. ఒలింపిక్స్ రైఫిల్, పిస్టల్ పోటీల్లో దూరాలు ముందే ఖాయం: 10, 25, 50 మీటర్లు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ కాంస్యం గెలిచింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్లో. అక్కడ దూరం కొలిచే పనే లేదు. కాబట్టి ఈ పరికరం మన చేతికి వచ్చే అవకాశం తక్కువ. అయినా దాని లోపల నడిచేది మన పాఠమే.

దూరం తెలియకపోతే ఏమవుతుంది?

తూటా సూటిగా పోతుందని మనం అనుకుంటాం. సినిమాల్లో అలాగే చూపిస్తారు. నిజానికి బారెల్ దాటిన మరుక్షణం నుంచే అది కిందికి పడుతూ ఉంటుంది. చేతిలోంచి జారిన రాయిని భూమి ఎలా లాగుతుందో తూటానూ అలాగే లాగుతుంది. వేగంగా పోతోందని దానికి మినహాయింపు ఏమీ లేదు.

ఒక లెక్క చేద్దాం. తూటా సెకనుకు 800 మీటర్ల వేగంతో బయలుదేరిందనుకోండి. లక్ష్యం 600 మీటర్ల దూరంలో ఉంది. గాలి లేకపోతే పట్టే సమయం 0.75 సెకను. ఆ సమయంలో పడే దూరం “సగం జీ టీ స్క్వేర్” సూత్రం ప్రకారం 2.75 మీటర్లు. ఇంతవరకూ మన పాఠ్యపుస్తకమే.

గాలి ఉంది కాబట్టి తూటా దారిపొడవునా వేగం కోల్పోతుంది. పెద్ద జంతువుల వేటలోనూ, గురి పోటీల్లోనూ ఎక్కువగా వాడే ఒక మామూలు రకం తూటాకు 600 మీటర్లు చేరడానికి దాదాపు 0.95 సెకను పడుతుంది. పడే దూరం మూడున్నర మీటర్లు దాటుతుంది. అంటే మనం ఉపేక్షించిన గాలి ఒక్కటే దాదాపు నిలువెత్తు మనిషిలో సగం తేడా తెస్తోంది.

ఇక దూరాన్నే తప్పుగా అంచనా వేస్తే? 650 మీటర్లలో ఉన్నదాన్ని 600 అనుకుని కొడితే తూటా దాదాపు అర మీటరు కిందికి పోతుంది. దూరం పెరిగేకొద్దీ తూటా మరింత ఏటవాలుగా పడుతుంది కాబట్టి ఈ తప్పు కూడా పెరుగుతుంది. ఎండలో, లోయ మీదుగా, చదును నేల మీద మన కంటి అంచనా 50 మీటర్లు తప్పడం పెద్ద విశేషం కాదు. మన ఊరి పొలాల్లో ఎవరినైనా అడిగి చూడండి, ఆ చింతచెట్టు ఎంత దూరమని. నలుగురు నాలుగు అంకెలు చెబుతారు.

వెలుగే టేపు

1960 మే 16న అమెరికాలో థియోడర్ మైమన్ రూబీ స్ఫటికంతో మొదటి లేజర్‌ను వెలిగించారు. మరుసటి ఏడాదే ఆయన పనిచేసిన హ్యూస్ సంస్థ లేజర్‌తో దూరం కొలిచే పరికరాన్ని చూపించింది. సూత్రం చాలా సులువు. బావిలోకి తొంగి చూసి కేక వేస్తే ప్రతిధ్వని వస్తుంది. ఎంతసేపటికి వచ్చిందో తెలిస్తే బావి లోతు తెలుస్తుంది. ఇక్కడ కేకకు బదులు వెలుగు.

పరికరం లోపల కంటికి కనిపించని పరారుణ కాంతిని చిమ్మే చిన్న లేజర్ డయోడ్ ఉంటుంది. చాలా పరికరాల్లో దాని తరంగదైర్ఘ్యం 905 నానోమీటర్లు. బటన్ నొక్కగానే అతి చిన్న వెలుగు తునక బయలుదేరుతుంది, లోపలి గడియారం మొదలవుతుంది. వెలుగు లక్ష్యానికి తగిలి అన్ని వైపులా చెదురుతుంది. అందులో అత్యల్ప భాగం వెనక్కి వచ్చి ఒక సున్నితమైన డయోడ్ మీద పడుతుంది, గడియారం ఆగుతుంది.

వెలుగు సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు పోతుంది. 600 మీటర్లు పోయి రావాలంటే 1200 మీటర్లు. పట్టే సమయం సెకనులో పది లక్షల వంతులు నాలుగు, అంటే 4 మైక్రోసెకన్లు. ఇంకా లోతుకు పోతే, గడియారం ఒక్క నానోసెకను, అంటే సెకనులో వంద కోట్ల వంతు తప్పితే, కొలతలో 15 సెంటీమీటర్ల తేడా వస్తుంది. అందుకే ఒక్క తునకను నమ్మకుండా వరుసగా ఎన్నో పంపి సగటు తీస్తారు. ఎండ వెలుగు అడ్డం రాకుండా లేజర్ రంగును మాత్రమే లోపలికి వదిలే ఫిల్టర్ పెడతారు. అయినా మిట్టమధ్యాహ్నం కంటే సాయంత్రం వేళ ఇవి ఎక్కువ దూరం కొలుస్తాయి.

సైనిక పరికరాల్లో 1550 నానోమీటర్ల దరిదాపుల్లోని కాంతిని వాడటం కద్దు. ఆ కాంతిని కంటి ముందు భాగమే పీల్చుకుంటుంది, వెనకనున్న రెటీనా దాకా పోనివ్వదు. కాబట్టి కళ్ళకు ముప్పు లేకుండా ఎక్కువ శక్తి పంపవచ్చు.

కొలత ఎక్కడ తప్పుతుంది?

లేజర్ అంటే సూదిమొన లాంటి గీత అని అనుకుంటాం. అది కూడా టార్చిలైటు లాగే కొద్దికొద్దిగా విచ్చుకుంటుంది. 1.5 మిల్లీరేడియన్ విచ్చుకునే కిరణం 1000 మీటర్ల దగ్గర ఒకటిన్నర మీటర్ల వెడల్పు మచ్చ అవుతుంది. ఆ మచ్చలో లక్ష్యంతో పాటు ముందున్న గడ్డి, పక్కనున్న కొమ్మ, వెనకున్న గట్టు అన్నీ పడతాయి. అన్నింటి నుంచీ వెలుగు తిరిగి వస్తుంది. మరి పరికరం ఏది చెప్పాలి? అందుకే చాలావాటిలో “మొదటిది చెప్పు”, “చివరిది చెప్పు” అని రెండు పద్ధతులు పెడతారు. పొదల వెనకున్న దాన్ని కొలవాలంటే చివరిది ఎంచుకోవాలి. ఆ సంగతి తెలియనివాడు పొద దూరాన్ని జింక దూరం అనుకుంటాడు. అంకె స్పష్టంగానే కనిపిస్తుంది, కానీ అది వేరేదాని అంకె!

పెట్టె మీద “2000 మీటర్లు” అని రాసి ఉంటే అది బాగా వెలుగును తిప్పికొట్టే వస్తువుకు. ముదురు రంగు చర్మం ఉన్న జంతువు విషయంలో అందులో ఎంతో తగ్గిపోతుంది. పొగమంచు, వాన ఉంటే ఇంకా తగ్గుతుంది.

గాలి లెక్క – మెస్ రిజిస్టర్ పద్ధతి

దూరం తెలిసింది. ఇప్పుడు తూటా పడే లెక్క. ప్రక్షేపక పథం పరావలయమని గెలీలియో 1638లో తన పుస్తకంలో ప్రకటించారు. గాలి దాన్ని మారుస్తుందని ఆయనకూ తెలుసు. ఎంత మారుస్తుందో కొలిచి చూపింది ఇంగ్లండుకు చెందిన బెంజమిన్ రాబిన్స్. వేలాడదీసిన బరువైన దిమ్మెలోకి తూటా కొట్టి, దిమ్మె ఎంత ఊగిందో చూసి, తూటా వేగం కనుక్కున్నారు. మనం చదివే ద్రవ్యవేగ నిత్యత్వ నియమమే! దగ్గర నుంచి ఒకసారి, దూరం నుంచి ఒకసారి కొట్టి చూస్తే వేగం ఎంత తగ్గిందో తెలుస్తుంది. 1742లో ఆయన పుస్తకం వచ్చింది. అంతవరకూ పండితులు అనుకున్న దానికంటే గాలి నిరోధం ఎంతో ఎక్కువని అందులో తేలింది. ఆ పుస్తకాన్ని 1745లో జర్మన్ భాషలోకి అనువదించింది సాక్షాత్తూ గణిత శాస్త్రవేత్త ఆయిలర్.

చిక్కు ఎక్కడంటే, గాలి నిరోధం తూటా వేగాన్ని బట్టి మారుతుంది. ఆ నిరోధం వల్ల వేగం మారుతుంది. వేగం మారితే నిరోధం మళ్ళీ మారుతుంది. ఒక్క సూత్రంతో తేలే లెక్క కాదిది. అందుకే ముక్కలు చేసి లెక్కిస్తారు.

మన మెస్ స్టాక్ రిజిస్టర్ గుర్తుందా? ప్రారంభ నిల్వ, నేటి వాడకం, ముగింపు నిల్వ. ఈరోజు ముగింపు నిల్వే రేపటి ప్రారంభ నిల్వ. తూటా లెక్క కూడా అంతే. సెకనును వెయ్యి ముక్కలు చేయాలి. మొదటి ముక్కలో తూటా వేగం ఇంత, గాలి వల్ల తగ్గింది ఇంత, భూమి లాగింది ఇంత, మిగిలింది ఇంత. ఆ మిగిలినదాంతో రెండో ముక్క మొదలు. ఇలా లక్ష్యం చేరేదాకా రాసుకుంటూ పోవాలి. కష్టమేమీ లేదు, ఓపిక కావాలి. మేము కంప్యూటర్ ల్యాబులో చిన్న ప్రోగ్రాం రాసి చూశాం. ఇరవై వరుసలు కూడా దాటలేదు.

ఆ ఓపిక ఖరీదు ఎంతో తెలుసా? రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా సైన్యం ఫిరంగుల పట్టికల కోసం ఈ లెక్కలను మనుషులతో చేయించింది. ఎక్కువమంది యువతులే. ఒక్క పథానికి ఒక మనిషికి కాలిక్యులేటర్ మిషన్‌తో దాదాపు 20 గంటలు పట్టేది. ఆ పని తొందరగా చేయడానికే ఎనియాక్ అనే ఎలక్ట్రానిక్ కంప్యూటర్‌ను కట్టారు. 1946 ఫిబ్రవరిలో దాన్ని లోకానికి చూపించారు. సుమారు 30 టన్నుల బరువు, దాదాపు 18 వేల వాక్యూమ్ ట్యూబులు. అదే లెక్కను 30 సెకన్లలో చేసింది. దానికి మొదట ప్రోగ్రాం రాసిన ఆరుగురూ స్త్రీలే. ఈ సంచిక చదివే గర్ల్స్ హాస్టల్ చెల్లెళ్ళు ఈ మాట గుర్తుంచుకోవాలి. అప్పుడు గదినిండా ఉన్న ఆ లెక్క ఇప్పుడు అరచేతిలో, బటన్ నొక్కి చేయి తీసేలోపు పూర్తవుతోంది.

ఈ లెక్కకు ముందుగా మనం కొన్ని అంకెలు ఇవ్వాలి:

1. తూటా బయలుదేరే వేగం.
2. తూటా గాలిని ఎంత బాగా చీల్చుకుపోతుందో చెప్పే అంకె. దీన్ని బాలిస్టిక్ కోఎఫిషెంట్ అంటారు.
3. గురి అద్దం బారెల్‌కు ఎంత ఎత్తులో ఉంది, ఏ దూరానికి సరిచేసి ఉంది.

గాలి పీడనం, ఉష్ణోగ్రత, వాలు కోణం పరికరం తానే కొలుచుకుంటుంది. పీడనం ఎందుకంటే, ఎత్తుకు పోయేకొద్దీ గాలి పలచబడుతుంది. 1999 కార్గిల్ పోరు 16 వేల అడుగుల దరిదాపుల్లోని శిఖరాల మీద జరిగింది. అక్కడ గాలి సాంద్రత సముద్రమట్టంలో ఉండేదాంట్లో సుమారు 60 శాతమే. గాలి అడ్డం తక్కువ కాబట్టి తూటా వేగం నిలుస్తుంది, తక్కువ పడుతుంది. మైదానంలో తయారైన పట్టికతో అక్కడ గురిపెడితే తూటా పైనుంచి పోతుంది.

పైకి కొట్టినా, కిందికి కొట్టినా

ఇది చాలామందిని తికమక పెట్టే విషయం. కొండ మీది నుంచి కిందికి కొడితే తూటా పైనుంచి పోతుంది. సరే. మరి కింది నుంచి పైకి కొడితే? అప్పుడూ పైనుంచే పోతుంది!

వాలుతలం లెక్క గుర్తు చేసుకోండి. భూమి ఎప్పుడూ నిట్టనిలువునా లాగుతుంది. గురి గీత వాలుగా ఉన్నప్పుడు దానికి అడ్డంగా పనిచేసే భాగం కొసైన్ తీటా రెట్లే. వాలు 30 డిగ్రీలైతే 0.866 వంతు. పైకైనా కిందికైనా కొసైన్ ఒకటే కదా! అందుకే 600 మీటర్ల దగ్గర వాలును పట్టించుకోకుండా కొడితే తూటా దాదాపు అర మీటరు పైనుంచి పోతుంది.

దీనికి పాతకాలపు చిట్కా ఉంది. వాలు దూరాన్ని కొసైన్‌తో గుణించి, వచ్చిన అడ్డ దూరానికి గురిపెట్టడం. 600 ను 0.866 తో గుణిస్తే 520. గాలి లేని చోట ఈ చిట్కా సరిగ్గా సరిపోతుంది. గాలిలో ఇంచుమించుగానే సరిపోతుంది, దూరం పెరిగితే తప్పు పెరుగుతుంది. చవక పరికరాలు ఈ చిట్కాతో సరిపెడతాయి. మంచివి పూర్తి లెక్క చేస్తాయి. చూశారా, ఇక్కడ కూడా తేడా ఆ ఒక్క మాట దగ్గరే: గాలి నిరోధాన్ని ఉపేక్షించారా, లేదా?

పరికరానికి తెలియనిది

ఇంత లెక్క తెలిసిన యంత్రానికి వీచే గాలి తెలియదు. లేజర్ దూరాన్ని కొలుస్తుంది గానీ, దారిలో గాలి ఎటు వీస్తోందో మామూలు పరికరం కొలవలేదు. చేతిలో గాలిమీటరు ఉన్నా అది మనం నిలబడ్డ చోటి గాలినే చెబుతుంది. నడుమ లోయలో ఎలా ఉందో, అవతలి గట్టు మీద ఎలా ఉందో మనిషే గడ్డి ఊగడం చూసి, దుమ్ము చూసి, ఎండ సెగ ఎటు కదులుతోందో చూసి అంచనా వేయాలి.

అది ఎంత తేడా తెస్తుందో చూద్దాం. సెకనుకు 4 మీటర్ల వేగంతో అడ్డంగా గాలి వీస్తోంది. తూటా గాలిలో ఉన్నది 0.95 సెకను. రెండూ గుణించి 3.8 మీటర్లు పక్కకు పోతుందని అనుకుంటే తప్పు. శూన్యంలో 0.75 సెకనులో చేరేది, ఇక్కడ 0.2 సెకను ఆలస్యమైంది. ఆ ఆలస్యాన్నే గాలి వేగంతో గుణించాలి. వచ్చేది 0.8 మీటరు. అయినా 80 సెంటీమీటర్లు చిన్న తేడా కాదు. గాలి అంచనాలో సగం తప్పితే 40 సెంటీమీటర్లు తప్పినట్టే. దూరాన్ని 50 మీటర్లు తప్పుగా చెప్పడమూ ఇదీ దాదాపు సమానం.

పరికరం మనం ఇచ్చిన అంకెలను కూడా ప్రశ్నించదు. బయలుదేరే వేగం సెకనుకు 10 మీటర్లు తప్పు ఇస్తే 600 మీటర్ల దగ్గర సుమారు 9 సెంటీమీటర్లు తప్పు చెబుతుంది. అదీ ఎంతో ధీమాగా, దశాంశ స్థానంతో సహా!

అన్నింటికంటే ముఖ్యమైన సంగతి, కొట్టాలా వద్దా అన్నది ఆ తెర మీద రాదు. అవతల ఉన్నది ప్రాణం కావచ్చు. అంకె కనిపించింది కాబట్టి అంత దూరం నుంచి కొట్టవచ్చు అనుకునేవాడి వల్ల జంతువు గాయపడి, అడవిలో పడి, ఎవరికీ దొరకక చస్తుంది. బాధ్యత తెలిసిన వేటగాళ్ళు అందుకే పరికరం చూపే దూరాన్ని కాక, తమ చేతికి సాధ్యమైన దూరాన్నే హద్దుగా పెట్టుకుంటారు.

మనకేం పని?

మచిలీపట్నంలో ఒకప్పుడు బడుల ప్రయోగశాలలకు సైన్సు పరికరాలు చేసిన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్‌లో కలిసింది. ఆ యూనిట్ సైన్యానికి చీకట్లో చూసే అద్దాలు తయారుచేస్తోంది. 2008 అక్టోబరు 22న శ్రీహరికోట నుంచి వెళ్ళిన చంద్రయాన్-1లో మన దేశంలోనే చేసిన లేజర్ పరికరం ఉంది. అది చంద్రుడి చుట్టూ తిరుగుతూ, వెలుగు పంపి తిరిగొచ్చే సమయాన్ని బట్టి అక్కడి గుట్టల ఎత్తులు, గుంటల లోతులు కొలిచింది. హైవే మీద పోలీసుల లేజర్ స్పీడ్‌గన్ వెంటవెంటనే దూరాలు కొలిచి వాటి తేడాతో బండి వేగం చెబుతుంది. అన్నింటికీ పునాది ఒక్కటే. ఆ పనులకు మనుషులు కావాలి. మన హాస్టల్ గదుల్లోంచి ఎందుకు పోకూడదు?

మా ఇంట్లో డిగ్రీ చదివింది మేమే మొదలు. మా నాన్న జొన్నచేను కాపలాకు మంచె ఎక్కి వడిసెల తిప్పేవాడు. మొన్న సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఈ పరికరం సంగతి చెప్పాం. అంతా విని, “గాలి ఎదురొస్తే రాయి ముందరే పడతది. అది అందులో ఉన్నదా?” అని అడిగాడు. వైవాలో సారు అడిగిన ప్రశ్న అదే! మా నాన్న ఏ పుస్తకమూ చదవలేదు, కాబట్టి గాలిని ఉపేక్షించడం ఆయనకు ఎవరూ నేర్పలేదు.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! సూత్రాలు బట్టీ పట్టండి, తప్పు లేదు, పరీక్ష గట్టెక్కాలి. అయితే సూత్రానికి ముందు “అయితే”, “ఉపేక్షిస్తే”, “అనుకుంటే” అని ఉండే మాటల కింద ఒక గీత గీయండి. అవి లేకపోతే ఏమవుతుందని మీ సారును అడగండి. మేము అడగలేదు. అందుకే వైవాలో నిలబడిపోయాం.

– ఎం.ఎస్సీ. (ఫిజిక్స్) విద్యార్థి, హాస్టల్ పూర్వ విద్యార్థి